బడి పనిదినాల్లో ఇంటి మాట

(పాలమూరు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రులు, సంరక్షకుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన తల్లులకు, తండ్రులకు, మనవలను వెంటబెట్టుకొని వచ్చిన అవ్వలకు, తాతలకు, చెల్లెలి పిల్లల బాధ్యతను నెత్తిన వేసుకున్న పెద్దమ్మలకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. పత్తి తీత సాగుతున్న రోజుల్లో ఒక పూట కూలి వదులుకొని ఇక్కడికి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే లాంఛనాలతో మీ సమయం తీసుకోకుండా నేరుగా విషయానికి వస్తాను.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టానికి జతచేసిన షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. అంటే ఏడాదిలో సగానికి పైగా రోజులు మీ బిడ్డ పగటివేళంతా మా కళ్ళ ముందు ఉంటుంది. మిగిలిన వేళంతా మీ కళ్ళ ముందు ఉంటుంది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల తరగతిలో నోరు విప్పకపోవచ్చు. బడిలో అందరికంటే ముందు చేయి ఎత్తే పిల్లవాడు ఇల్లు చేరగానే మూలన ముడుచుకొని పడుకోవచ్చు. ఈ రెండూ చూసినవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఆ బిడ్డ ఎవరికీ పూర్తిగా అర్థం కాదు.

ఇన్ని పనిదినాల్లో ఇంటికీ బడికీ మధ్య నడిచే మాటలు ఏమిటని చూస్తే నాకు బాధ కలుగుతుంది. సర్కారు బడి నుంచి ఇంటికి కబురు వచ్చిందంటే ఆధార్ కార్డు నకలు కావాలనో, బ్యాంకు పాసుపుస్తకం తెమ్మనో, లేకపోతే పిల్లవాడు ఎవరినో కొట్టాడనో అయి ఉంటుంది. ప్రైవేటు బడి నుంచి వచ్చిందంటే చాలావరకు ఫీజు గురించే. ఇంటి నుంచి బడికి కబురు వచ్చిందంటే అది సెలవు చీటీ, లేదా తగాదా. కబురు అంటేనే ఏదో ముంచుకొచ్చిందన్న భయం ఇరువైపులా పాతుకుపోయింది. బడి నుంచి ఫోను వస్తే తల్లి గుండె దడదడలాడుతుంది. తల్లి గేటు దగ్గర కనిపిస్తే కొత్తగా వచ్చిన పంతులమ్మకు కాళ్ళు వణుకుతాయి. ఏమీ జరగని మామూలు రోజుల్లో మామూలు మాటలు నడవడం అలవాటైతే తప్ప ఈ భయం పోదు. నేను ఈ రోజు మీ ముందు చెప్పదలచిన మాట ఇదే.

ఇది కేవలం నా కోరిక కాదు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతూ, తల్లిదండ్రులతో, సంరక్షకులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలని, పిల్లల హాజరు ఎలా ఉందో, నేర్చుకునే శక్తి ఎలా ఉందో, చదువులో ఎంత ముందుకు వచ్చారో తెలియజేయాలని చెప్పింది. అంతటితో ఆగలేదు, బిడ్డకు సంబంధించిన ఇతర ముఖ్య విషయాలను కూడా చెప్పాలన్నది. ఆ చివరి మాటను మనం తేలికగా తీసుకుంటాం గానీ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. పిల్ల మధ్యాహ్నం అన్నం సగం వదిలేస్తున్నదని, నెల రోజులుగా ఆటలకు రావడం లేదని, ఇన్నాళ్ళూ కూర్చున్న స్నేహితురాలి పక్కన కూర్చోవడం మానేసిందని చెప్పడానికి మార్కుల కాగితంలో గడి ఉండదు. ఆ మాటలు మనిషి మనిషికి చెప్పవలసిందే.

ఇప్పుడు మన కబుర్లన్నీ మోసేది ఎవరు? పిల్లలే. ‘రేపు మీ నాయనను రమ్మను’ అని సార్ అంటాడు, ‘నాకు పని ఉందని మీ సార్‌కు చెప్పు’ అని నాయన అంటాడు, మధ్యలో పిల్లవాడు తపాలా బంట్రోతులా తిరుగుతుంటాడు. తపాలా బంట్రోతు ఉత్తరం విప్పి చదవడు. పిల్లవాడు మాత్రం విని, దానివల్ల తనకేం జరుగుతుందో ఆలోచించి, కొంత కోసి, కొంత కలిపి అందిస్తాడు. అది అబద్ధమాడే బుద్ధి అని నేను అనను. దెబ్బ తప్పించుకోవడానికి ఏ ప్రాణి అయినా చేసే పని అది. తన మీద ఫిర్యాదును తానే మోసుకుపొమ్మని పదేళ్ళ బిడ్డకు చెప్పడం న్యాయం కాదు. బిడ్డ గురించిన గట్టి మాట ఏదైనా పెద్దలు పెద్దలకే చెప్పాలి. పిల్లలు మోయవలసిన కబురు అంటూ ఉంటే అది మంచి మాటే కావాలి. ‘ఈ రోజు నీ పద్యం చాలా స్పష్టంగా ఉంది, ఇంటికెళ్ళి అమ్మకు అప్పజెప్పు’ అని పంతులమ్మ పంపితే, ఆ కబురు దారిలో చెక్కుచెదరకుండా ఇల్లు చేరుతుంది.

బడికి ఏం చెప్పాలో తెలియడం లేదని తల్లులు నన్ను అడుగుతుంటారు. ‘మేం చదువుకున్నవాళ్ళం కాదు, మీకు చెప్పేంతటి వాళ్ళమా’ అంటారు. బిడ్డ రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నదో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. ఇంట్లో చావు జరిగితే చెప్పండి. తండ్రి తాగి వచ్చి రాత్రంతా గొడవ చేస్తే, సిగ్గుపడకుండా క్లాస్ టీచరుకు ఒక్క ముక్క చెప్పండి. ఎందుకు జరిగిందో వివరాలు అక్కర్లేదు, ‘రాత్రి పిల్లలకు నిద్ర లేదమ్మా’ అంటే చాలు. ఆ రోజు ఆ పిల్లవాడు లెక్కల పీరియడులో కునికితే ఎవరూ అతణ్ని నిలబెట్టరు. చెవిలో చీము కారుతున్నా, ఫిట్స్ మందు వాడుతున్నా, ఆడపిల్ల పెద్దమనిషి అయినా, నెలసరిలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా ఆ సంగతి బడిలో కనీసం ఒక్క పంతులమ్మకు తెలిసి ఉండాలి.

చూపు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే బడిలోనూ ఇంట్లోనూ దాన్ని చదువు లోపంగా పొరబడటం నేను చాలాసార్లు చూశాను. నల్లబల్ల మీద రాసినది సరిగా కనిపించని పిల్లవాడు తనకు కనిపించడం లేదని చెప్పడు. అతనికి లోకం ఎప్పుడూ అలాగే కనిపించింది కాబట్టి అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటాడు. పక్కవాడి నోటు పుస్తకంలోకి తొంగిచూస్తాడు, సార్ దాన్ని కాపీ అంటాడు. 36ను 86 అని దించుకుంటాడు, లెక్క తప్పుతుంది, సార్ దాన్ని పరాకు అంటాడు. ఇంట్లో టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటాడు, తల్లి దాన్ని పిచ్చి అంటుంది. సాయంత్రం తలనొప్పి అంటాడు, చదువు ఎగ్గొట్టే వేషమని నాయన అంటాడు. ఈ నాలుగు సంగతులూ ఒకచోట చేరితే అది కంటిజబ్బని ఎవరికైనా తడుతుంది. కానీ రెండు బడిలో, రెండు ఇంట్లో ఉండిపోతాయి. ఒక్క జత కళ్ళద్దాలతో తీరిపోయే సమస్య, ఇంటివాళ్ళూ బడివాళ్ళూ మాట్లాడుకోని కారణంగా, ‘మొద్దు’ అన్న పేరుగా మారి ఏళ్ళ తరబడి ఆ బిడ్డను అంటిపెట్టుకొని ఉంటుంది.

ఇక బడి వైపు నుంచి చెప్పవలసిన మాటలు. ఉపాధ్యాయ మిత్రులు నన్ను మన్నించాలి, ఈ మాట మీకే. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకోవడాన్ని మనం తెలియజేయడం అనుకుంటున్నాం. ఏడాదిలో నాలుగు ఎఫ్‌ఏలు (చదువు సాగుతుండగా చేసే మూల్యాంకనాలు), రెండు ఎస్‌ఏలు (టర్ము చివర పెట్టే పరీక్షలు) నడుస్తాయి. ఎఫ్‌ఏ అంటే స్లిప్ టెస్టు ఒక్కటే కాదని, తరగతిలో బిడ్డ పాల్గొన్న తీరు, రాత పని, ప్రాజెక్టు పని కూడా అందులో ఉన్నాయని ఎంతమంది తల్లులకు మనం చెప్పాం? కార్డు చేతికిచ్చి ‘తెలుగులో ఇన్ని, లెక్కల్లో ఇన్ని’ అని చదివితే ఆ తల్లికి ఎక్కువ తక్కువలు తప్ప మరేమీ అందవు. దానికి బదులు బిడ్డ నోటు పుస్తకం తెరిచి చూపించండి. జూన్‌లో రాసిన పేజీని, ఇప్పుడు రాసిన పేజీని పక్కపక్కన పెట్టండి. ఒత్తులు ఎక్కడ పోతున్నాయో, భాగహారంలో ఏ మెట్టు దగ్గర ఆగుతున్నదో వేలు పెట్టి చూపించండి. చదువు రాని తల్లికి కూడా రెండు పేజీల మధ్య తేడా కనిపిస్తుంది. ‘రోజూ సాయంత్రం పది నిమిషాలు దీన్ని పైకి చదవమనండి, మీరు పక్కన కూర్చొని వినండి’ అంటే అది ఆ తల్లి చేయగలిగిన పని. ‘ఇంట్లో చదివించండి’ అనడం చేయలేని పనిని ఆమె నెత్తిన పెట్టడమే.

వేలిముద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అవ్వ వేలు పట్టుకొని, స్టాంపు ప్యాడ్ మీద అద్ది, కార్డు మీద ఒత్తించి పంపించేస్తాం. ఏ కాగితం మీద వేస్తున్నదో, అందులో ఏముందో చదివి వినిపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఆమెకు ఇవ్వవలసిన మర్యాద.

అవ్వల మాట వచ్చింది కాబట్టి వలస గురించి మాట్లాడక తప్పదు. మన పాలమూరు నుంచి ముంబయికి, పుణెకు, బెంగళూరుకు, హైదరాబాదుకు కట్టడం పనులకు పోయే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కొందరు పిల్లలను వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వతాతల దగ్గర వదిలి పోతారు. అలా ఉన్న బిడ్డను తరగతిలో నిలబెట్టి ‘మీ అమ్మానాన్నలను తీసుకురా’ అని అనకూడదు. ఆ మాట అన్న ఉపాధ్యాయునికి అది మామూలు వాడుక, ఆ బిడ్డకు మాత్రం తన దగ్గర లేనిదాన్ని అందరి ముందు అడిగినట్టు ఉంటుంది. ‘మీ ఇంట్లో పెద్దవాళ్ళను రమ్మను’ అనండి. అవ్వ వస్తే ఆమెను అసలు మనిషిగానే చూడండి. పొద్దున లేపేది, తల దువ్వేది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది ఆమే. దూరాన ఉన్న తల్లిని కూడా వదిలేయవద్దు. మన సమావేశం సాగుతున్నప్పుడే ఆమెకు ఒక వీడియో కాల్ చేయించి, బిడ్డ పుస్తకాన్ని కెమెరా ముందు పెట్టి చూపించిన పంతులమ్మలు నాకు తెలుసు. ఆ తల్లుల మొహాల్లో వచ్చిన వెలుగును మార్కులు తీసుకురాలేవు.

పిల్లలను వెంట తీసుకుపోయేవారు పోయే ముందు బడికి చెప్పి పోండి. చెప్పకుండా పోతే రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా గైర్హాజరీ గుర్తులు పేరుకుపోతాయి, ఆ తర్వాత ఆ బిడ్డ బడి మానేసిన వారి జాబితాలోకి చేరుతుంది. చెబితే బదిలీ సర్టిఫికెట్ వెంటనే ఇవ్వవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయులది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. అది అందడం ఆలస్యమైనంత మాత్రాన కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికీ వీల్లేదని అదే సెక్షన్ చెబుతున్నది. తిరిగి వచ్చినప్పుడు బెరుకు పడకుండా బిడ్డను మళ్ళీ ఇక్కడికే తీసుకురండి.

వ్యవసాయ పనులకు బిడ్డను బడి మాన్పించే విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. గద్వాల వైపు సీడ్ పత్తిలో క్రాసింగ్, అంటే విత్తనం కోసం పువ్వులకు చేత్తో పుప్పొడి అద్దే పని, నడిచే రోజుల్లో, ఇక్కడ పత్తి ఏరే రోజుల్లో తరగతి గదులు పలచబడతాయి. చిన్న వేళ్ళయితే పువ్వు నలగకుండా పని చేస్తాయని కూలికి పిలుస్తారు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కూలిపనుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. సొంత కుటుంబ పనిలో సాయం కూడా బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే. పేదరికం నాకు తెలియనిది కాదు, ఆ కూలి డబ్బుతో ఇంట్లో ఏం కొంటారో కూడా నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, వరుసగా మూడు వారాలు పోగొట్టుకున్న ఆరో తరగతి పిల్ల భిన్నాల పాఠం పోగొట్టుకుంటుంది, భిన్నాలు రాని పిల్లకు ఆ పైన వచ్చే శాతాలు, నిష్పత్తులు, బీజగణితం ఒకదాని వెంట ఒకటి అందకుండా పోతాయి. బిడ్డ రెండు రోజులు రాకపోతే మూడో రోజు సాయంత్రం బడి నుంచి ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి పలకరించాలి. నిలదీయడానికి వెళ్ళవద్దు, కనుక్కోవడానికి వెళ్ళాలి.

తండాల నుంచి వచ్చే పిల్లల విషయం వేరుగా చెప్పాలి. వాళ్ళ ఇంటి భాష గోర్ బోలి, అంటే లంబాడీల భాష. ఒకటో తరగతిలో తెలుగు వినడమే వాళ్ళకు కొత్త. ‘ఈ పిల్ల మాట్లాడదు’ అని రాసే ముందు ఇంట్లో ఏ భాషలో మాట్లాడుతుందో తల్లిని అడగాలి. సరిహద్దు ఊళ్ళలో కన్నడం, పట్టణాల్లో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. శ్రావణ మాసంలో తీజ్ పండుగ తొమ్మిది రోజులు జరుగుతుంది, పెళ్ళికాని ఆడపిల్లలు గోధుమ నారుకు రోజూ నీళ్ళు పోస్తూ పాటలు పాడుతారు. ఆ రోజుల్లో ఆడపిల్లలు తరగతికి రాకపోవడాన్ని బాధ్యత లేకపోవడంగా రాసుకోకూడదు. తండా పెద్దలు తేదీలు ముందుగా చెబితే, ఆ వారంలో లఘు పరీక్షలు పెట్టకుండా సర్దుకోవడం బడికి కష్టమేమీ కాదు.

వాట్సాప్ గ్రూపుల గురించి నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఒక బిడ్డ గురించిన మాటను నలభై మంది తల్లిదండ్రులు చూసే చోట పెట్టకూడదు. ‘ఫలానా వాడు హోంవర్క్ చేయలేదు’ అని గ్రూపులో రాస్తే ఆ సాయంత్రం ఆ ఇంట్లో దెబ్బలు తప్పవు, మరుసటి రోజు తరగతిలో వెక్కిరింపులు తప్పవు. ఇక రాసి పంపితే చదవలేని వారు ఉన్నారు, కాబట్టి ముఖ్యమైన మాటను ఉపాధ్యాయులు తమ గొంతుతో రికార్డు చేసి పంపాలి. ‘రేపు నులిపురుగుల మాత్ర వేస్తారు, పిల్లలకు ఏదైనా తినిపించి పంపండి’ అన్న మాట గొంతులో వింటే అవ్వకు అర్థమవుతుంది. గ్రూపులో శుభోదయం బొమ్మలు, దేవుడి పటాలు, రాజకీయ ప్రచారాలు పంపే పెద్దలకు ఒక విన్నపం: వాటి మధ్య బడి కబురు మునిగిపోతున్నది, దయచేసి ఆపండి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. బిడ్డను బడిలో అప్పగిస్తూ ‘కండ్లు రెండు ఉంచి తోలు తియ్యండి సారూ’ అనే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట వెనుక చదువు మీద ఆశ, గురువు మీద నమ్మకం ఉన్నాయని నేను ఎరుగుదును. కానీ ఆ మాట బిడ్డ వింటున్నది. ఇంట్లోనూ బడిలోనూ తనను కొట్టడానికి పెద్దలందరూ ఒప్పందం చేసుకున్నారని దానికి అర్థమవుతుంది. ఆ తర్వాత బడిలో తనకు ఏ అన్యాయం జరిగినా ఇంట్లో చెప్పదు, ఎందుకు చెబుతుంది? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది; మీరు అనుమతి ఇచ్చినా ఆ అనుమతి చెల్లదు. దానికి బదులు బిడ్డ ఎదుటనే ‘ఏమైనా ఇబ్బంది ఉంటే టీచరుకు చెప్పు, టీచరు మాకు చెబుతారు’ అనండి.

మీకు బడి మీద ఫిర్యాదు ఉంటే ముందు క్లాస్ టీచరుతో, తర్వాత ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి. అక్కడ తేలకపోతే పాఠశాల యాజమాన్య కమిటీ ఉంది, ఆ పైన మండల విద్యాధికారి ఉన్నారు. బిడ్డ ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేశారన్న అనుమానం వస్తే మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. వెంటనే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి, పోలీసుల దగ్గరకు వెళ్ళండి.

కమిటీలో మూడు వంతుల మంది, అంటే నాలుగింట మూడు వంతులు, తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతున్నది. సభ్యులైన తల్లులు సంతకానికే పరిమితం కావద్దు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం కమిటీ పని. మధ్యాహ్న భోజనం రుచి చూడటం, మరుగుదొడ్డిలో నీళ్ళు వస్తున్నాయో లేదో చూడటం మీ హక్కు. వారంలో ఒక రోజు ఇద్దరు తల్లులు వంతులవారీగా వచ్చి పిల్లలతో కూర్చొని తింటే అన్నం ఉడికిందో లేదో, పప్పు నీళ్ళలా ఉందో లేదో వేరే తనిఖీ లేకుండానే తెలుస్తుంది. పైగా ఆ భోజనం దగ్గర తల్లులు, పంతులమ్మలు, వంట చేసే అక్కలు మాట్లాడుకునే మాటలు ఏ సమావేశంలోనూ రావు.

ఇంట్లో మీరు పిల్లలను అడిగే ప్రశ్న గురించి ఒక సూచన. ‘ఈ రోజు ఏం చెప్పారు’ అంటే ‘ఏం లేదు’ అన్న జవాబే వస్తుంది. ‘అన్నం తినేటప్పుడు ఎవరి పక్కన కూర్చున్నావు’, ‘ఈ రోజు ఎవరు రాలేదు’, ‘సార్ ఎందుకు నవ్వాడు’ అని అడగండి. పిల్లలు మనుషుల గురించి చెబుతారు, మనుషుల వెంట పాఠం కూడా వస్తుంది. వంట చేస్తూ, గడ్డి కోస్తూ, బట్టలు ఆరేస్తూ అడిగినా ఫరవాలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే అది విచారణలా ఉంటుంది.

చివరగా ఒక పని మిగిలి ఉంది. బడి రిజిస్టరులో ఉన్న ఫోను నంబర్లలో చాలా వాటికి ఫోను చేస్తే పలకడం లేదని ప్రధానోపాధ్యాయులు నాతో చెప్పారు. సిమ్ మారుతుంది, రీఛార్జి అయిపోతుంది, కొన్నిచోట్ల ఇచ్చిన నంబరు హైదరాబాదులో ఉన్న మేనమామది. బిడ్డ బడిలో కళ్ళు తిరిగి పడిపోయిన మధ్యాహ్నం ఆ మేనమామ ఏం చేయగలడు? ఇంట్లో ఉండే మనిషి నంబరు ఒకటి, అది తగలకపోతే పక్కింటి వారి నంబరు ఒకటి, బిడ్డకు పడని మందులు ఏవైనా ఉంటే వాటి పేర్లు, ఇంట్లో మాట్లాడే భాష, పొలం పనులున్న రోజుల్లో మీకు మాట్లాడటానికి వీలయ్యే వేళ, ఇవన్నీ రాయడానికి తరగతికి ఒక పుస్తకం వరండాలో బల్లల మీద పెట్టారు. రాయడం రానివారికి తొమ్మిదో తరగతి పిల్లలు సాయం చేస్తారు. మందుల సంగతి వంటి గుట్టు మాటలు మాత్రం వాళ్ళకు చెప్పవద్దు, క్లాస్ టీచరును పక్కకు పిలిచి చెప్పండి. ఆరో తరగతి బల్ల ఎడమవైపు ఉంది, తండాలకు వెళ్ళే బస్సు నాలుగున్నరకు ఉంది కాబట్టి తండాల వారిని ముందు పంపించమని ఉపాధ్యాయులను కోరుతున్నాను.